లూసియమ్మ మొదటి చూపు

మా బావ మునెప్పకు జీవితంలో ఒకటే పట్టు ఉండేది. కొత్తగా కన్ను తెరిచేది ఏదైనా సరే, అది మొట్టమొదట చూసేది మంచిదై ఉండాలి. పసిబిడ్డ కావచ్చు, కుక్కపిల్ల కావచ్చు, సంతలో కొత్తగా కొన్న లాంతరు కావచ్చు. లాంతరుకు కన్నెక్కడిదని అడిగితే, "వెలగతాది గదప్పా. వెలిగేదానికి చూపుండదా?" అనేవాడు.

ఈ పిచ్చి ఆయనకు వృత్తిలోంచి అంటుకుంది. హోసూరు నుంచి డెంకణికోట పోయే దోవలో మా గోరసంద్రం ఉంది. ఆ ఊరికి ఆయన కుమ్మరి. మామూలు రోజుల్లో కుండలూ చట్లూ చేసేవాడు, జాతరలొస్తే చుట్టుపక్కల ఊళ్ళకు మారెమ్మ బొమ్మలు చేసేవాడు. బొమ్మకు అన్నీ అయ్యాక ఆఖరున కన్ను తెరిపిస్తారు. చుట్టూ తెర కడతారు. చేసినవాడు బొమ్మకు ఎదురుగా నిలబడకూడదు గనక, వీపు తిప్పుకుని, చేతిలో అద్దం పట్టుకుని, అందులో చూస్తూ భుజం మీదుగా కుంచె వెనక్కి పెట్టి కనుపాప దిద్దుతాడు. ఎదురుగా ఆవూదూడనో, ధాన్యం రాశినో ఉంచుతారు. అమ్మవారి మొదటి చూపు దాని మీద పడాలి. వాళ్ళ నాయనా తాతా కూడా ఇదే చేశారు. కాని వాళ్ళు దాన్ని బొమ్మల దగ్గర ఆపారు. మా బావ ఆపలేదు.

ఆయన పెళ్ళి నాకు బాగా జ్ఞాపకం. పెళ్ళికూతురు మా అక్క అంగాళమ్మ. పీటల మీద ఇద్దరి మధ్యా పట్టిన తెర తీశారు. అందరూ అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. పెళ్ళికొడుకు మాత్రం గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఆ పిల్ల యెనకాల కూర్చోనుండేది ఎవురప్పా?" అన్నాడు.

వెనక కూర్చున్నది మా మేనమామ శ్రీనివాసప్ప. పప్పులో ఉప్పెక్కువైందని వంటవాళ్ళతో పోట్లాడి, ఆ మొహంతోనే వచ్చి కూర్చున్నాడు. ఎవరో ఆ సంగతి చెప్పారు.

"ఆయన్ని కొంచెం పక్కకు జరగమనండి. జరగకుంటే నవ్వనన్నా నవ్వమనండి. అంతదాకా నేను కండ్లు తెరవను."

మా మేనమామ పుట్టి బుద్ధెరిగాక నవ్వినట్టు సాక్ష్యం లేదు. మా నాయనకు ఇదేమీ అర్థం కాక, "అయ్యో, కండ్లు లేనోన్ని అంటగట్టినారే!" అని గోల పెట్టాడు. చివరికి మా అక్కే వెనక్కి తిరిగి, "మామా, నువ్వు లేచి అవతలకు పో. లేకుంటే ఈ మనిషి జల్మంతా ఇట్లనే కూర్చోనుంటాడు" అంటూ పకపక నవ్వేసింది. ఆ నవ్వు చెవిన పడగానే బావ కళ్ళు తెరిచాడు. తన సంసారం చల్లగా ఉండడానికి ఆ మొదటి చూపే కారణమని ఆయన నలుగురిలో చెప్పుకునేవాడు. "ఆపొద్దు నవ్వినాను. మళ్ళా నవ్వేదానికి తీరిక ఇచ్చినావా?" అనేది మా అక్క.

మా ఊరికి బస్సు వచ్చిన రోజు ఇంకో కథ. అందరూ మామిడాకులు కట్టి ఊరి మొగదల కాచుకుని ఉంటే, ఈయన నడిరోడ్డు మీద ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో దూడ మెడ తాడు పట్టుకుని నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు తొక్కి, తల బయట పెట్టి అరిచాడు.

"యోవ్! సావాలని వచ్చినావా?"

"నీ కోసరం కాదప్పా, బండి కోసరం. పెద్ద కండ్లు రెండుండాయి గదా దానికి. మా ఊర్లో మొదట దేన్ని చూస్తాదో చూడనీ."

డ్రైవరు కోపంతో హారను మోగించాడు. దూడ బెదిరి, తాడు తెంపుకుని రాగి చేలో పడి పరుగెత్తింది. దూడ మునివెంకటప్పది. ఆయన మా పంచాయతీ ప్రెసిడెంటు. కాబట్టి బస్సులోని వాళ్ళంతా దిగి దాన్ని పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత చాలా కాలం, బస్సు మా ఊరి దగ్గర చెడిపోయినప్పుడల్లా మా బావ తల ఊపి, "పారిపోయే దూడను చూసింది మొదట. ఇంగ అదేడ నిలకడగా ఉంటాది?" అనేవాడు.

పంచాయతీ ఆఫీసుకు రేడియో వచ్చినప్పుడు దాని ముందర బెల్లం తట్ట పెట్టి కూర్చున్నాడు. రేడియో పెట్టగానే ముందర ఒక పచ్చటి దీపం వెలుగుతుంది కదా, అది కన్నట. మునివెంకటప్ప ఆ తట్టను కాలితో పక్కకు జరిపి, తానే ఎదురుగా నిలబడి మీట తిప్పాడు. ఆ ఏడు వానలు లేవు. "దాన్ని అంటే ఏం లాభం? కన్ను తెరిచీ తెరవంగానే ప్రెసిడెంటు మొగం చూసింది. వాన మాట దాని నోట్లోంచి ఎట్ల వస్తాది?" అన్నాడు మా బావ. ఈ మాట ఊరంతా తిరిగి మునివెంకటప్ప చెవికి చేరింది. ఆయన దీన్ని మనసులో పెట్టుకున్నాడు.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉన్నాయి. కాని మా వీధి చివర ఒక మనిషికి ఇది నవ్వులాట కాదు. ఆమె పేరు చౌడమ్మ. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమకన్ను పోయింది, ముఖమంతా గుంటలు పడింది. పెళ్ళి కాలేదు. తల్లి పోయాక ఒంటరిగా ఉంటూ, బావి వెనక కాస్త నేలలో దంటాకూ మెంతాకూ కొత్తిమీరా వేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకునేది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. ఆమె ఆకు లాంటి ఆకు ఆ చుట్టుపక్కల ఎవరూ పండించలేదు.

ఏం లాభం? పొద్దున్నే ఒంటికన్ను మనిషి ఎదురుపడకూడదని ఊళ్ళో ఒక అడ్డమైన నమ్మకం. ఆమె గొంతు వినపడితే చాలు, తెరిచిన తలుపులు మూసుకునేవి. కాబట్టి ఆమె తెల్లవారక ముందే ఆకు కోసుకుని, వీధి చివరనే గంప దించుకుని, ఇళ్ళలో వాళ్ళంతా లేచి వేరే మొహాలు చూసేదాకా కూర్చునేది. ఆమెకు వీధిలోకి రావడానికి వీలు చిక్కేసరికి ఎండ ఎక్కేది, ఆకు తల వేలాడేసేది. అప్పుడు అవే ఇళ్ళవాళ్ళు ఆకు పట్టుకుని చూసి, "ఏం చౌడమ్మా, అంతా వాడిపోయిందే! ఇంత ఆలస్యంగానా తెచ్చేది?" అనేవాళ్ళు. నాకు మతిగిరిలో సైకిలు షాపు ఉండేది. పొద్దున్నే పోతూ ఆమెను అలా గంప పక్కన చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆమె ఓపిక నశించి, ఎండెక్కక ముందే గంపతో వీధిలోకి వచ్చేసింది. మునివెంకటప్ప ఇంటి అరుగు మీద నుంచే ఆపాడు.

"ఇది నా మాట కాదమ్మా. మీ మునెప్పన్ననే అడుగు. మొదట చూసేది మంచిదై ఉండాల అని ఊరూరా చెప్పేది ఆయనే గదా? ఆయన శాస్త్రమే మేమూ పాటిస్తాండాము."

ఆమె తిన్నగా మా బావ ఇంటికొచ్చి, సారె పక్కన గంప ధబీమని దించింది. నేను ఆ వేళ అక్కడే ఉన్నాను.

"అన్నా, బస్సుకు చూపించినావు, లాంతరుకు చూపించినావు. శానా సంతోషం. నీ శాస్త్రం తిరిగి తిరిగి నా గంప మీద పడింది. డిసెంబరులో మా చిన్నాయన కూతురు బెంగుళూరు నుంచి వస్తాది. దాంతోనే నేనూ పోతాను. ఆడ ఇటుకల పని ఉండాదంట."

"బెంగుళూరులో నీకెవురుండారమ్మా?"

"ఎవురూ లేరు. అదే మేలు. ఆడ ఎవురి మొగం ఎవురు చూస్తారు? ఎవురి తొందర వాళ్ళది."

ఆమె వెళ్ళాక మా బావ చాలాసేపు సారె తిప్పుతూనే ఉన్నాడు. దాని మీద మట్టి పెట్టలేదు. ఆయనకు అంత బాధ కలగడం నేను ముందెన్నడూ చూడలేదు. మా అక్క రెండుసార్లు సంగటికి పిలిచింది, ఆయన సారె వదిలి లేవలేదు.

రాయప్ప ఫాదర్ మా బావ ఇంటికి వచ్చింది ఆ వారంలోనే. ఆయన అరవం మనిషి, తెలుగు మాట్లాడితే ప్రతి మాటా మెట్టు దిగినట్టు ఆగి ఆగి వచ్చేది. మా ఊరి పక్కన కొద్దిపాటి కిరస్తానీ ఇళ్ళున్నాయి, వాళ్ళకొక చిన్న కోవెల ఉంది. అందులో ఉండేది లూసియమ్మ. కంటి జబ్బులకు ఆ తల్లి మంచిదని, కులమతాలు చూడకుండా అందరం పోయి దీపానికి నూనె పోసి, వెండి కళ్ళు చేయించి మొక్కు చెల్లించేవాళ్ళం. పాత బొమ్మ ఎప్పుడో తెల్లఫాదర్లు ఓడలో తెచ్చింది. ఆ మధ్య కురిసిన వానకు పైకప్పు కూలి అది కాస్తా ముక్కలైంది. డిసెంబరులో పండగ. ఫాదర్ ఒక పాత రంగుల పటం తెచ్చి మా బావ ముందర పెట్టాడు.

"మునెప్పా, ఇట్లా ఒక బొమ్మ చేయాల. మట్టితోనే. పండగకు కావాల."

బావ పటం చేతిలోకి తీసుకుని చూశాడు. చక్కటి పిల్ల. ఒక చేతిలో తాటాకు మట్ట, ఇంకో చేతిలో పళ్ళెం. పళ్ళెంలో రెండు కళ్ళు. బావ ఉలిక్కిపడి పిల్ల ముఖం చూశాడు. అక్కడా రెండు కళ్ళున్నాయి.

"సామీ, ఈ యమ్మకు నాలుగు కండ్లా?"

"లేదు. పళ్ళెంలోవి ముందువి. మొహంలోవి తర్వాత దేవుడు ఇచ్చినవి."

"ముందువి ఎవురు తీసినారు?"

ఫాదర్ బండ మీద కూర్చుని కథ చెప్పాడు. సిసిలీ అనే దీవిలో పుట్టిన పిల్ల. పెళ్ళి వద్దని, ఉన్న ఆస్తంతా బీదలకు పంచిపెట్టింది. పెళ్ళాడాలనుకున్నవాడు కోపంతో అధికారి దగ్గర పితూరీ చెప్పాడు. ఆ కాలంలో ఏసును కొలిస్తే తల తీసేవాళ్ళు. ఆమెను లాక్కుపోదామని భటులు వచ్చి పట్టుకుంటే కదల్లేదు. ఎద్దులను కట్టి లాగించినా కదల్లేదు.

"ఎద్దులా!" మా బావ ముందుకు జరిగాడు. "యా సీమ ఎద్దులు సామీ?"

"ఆ ఊరివే అయివుంటాయి."

"మన హళ్ళికారు ఎద్దులైతే..." అని మొదలుపెట్టి, మళ్ళీ ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "లేదులే. మన ఎద్దులైనా లాగవు. ఎద్దుకు తెలుస్తాది."

నిప్పు పెట్టినా కాలలేదట. కళ్ళు పెరికేశారట. దేవుడు అంతకంటే చక్కటి కళ్ళు ఇచ్చాడట. చివరికి కత్తికి బలి అయిందట. వింటున్నంతసేపూ మా అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా బావ మాత్రం ఎక్కడో ఆగిపోయాడు.

"అదంతా సరే సామీ. దేవుడు కొత్త కండ్లు ఇచ్చినాడు గదా. ఆ యమ్మ వాటితో మొదట ఏం చూసింది?"

"అది... పుస్తకంలో లేదు మునెప్పా."

"లేదా? ఎద్దులు రాసినారు, నిప్పు రాసినారు, అసలుది రాయలేదా?"

ఆ రోజు నుంచీ ఫాదర్‌కు మనశ్శాంతి పోయింది. బొమ్మ మాత్రం చకచకా తయారైంది. మట్టి తొక్కి, ముక్కలుగా చేసి, ఆరబెట్టి, ఆవంలో కాల్చి, అతికించి, రంగులు పూశాడు. ముఖం చూస్తే మా ఊరి పిల్లలాగే చామనచాయగా, కాస్త మొండిగా, ఎద్దులకు కూడా కదలని పిల్లలాగే ఉంది. కాని ముఖంలో కళ్ళ చోట రెండు తెల్లటి గింజలు మాత్రమే. ఫాదర్ సైకిలు మీద వచ్చి అడిగేవాడు.

"కళ్ళు ఎప్పుడు మునెప్పా?"

"మీరు చెప్తే పెడతాను సామీ. మొదట ఏం చూసింది?"

"దేవుణ్ణి చూసిందని పెట్టుకో."

"దేవుడు ఎట్ల ఉంటాడో తెలిస్తే గదా నేను ఎదురుగా పెట్టేది."

ఇంకో రోజు, "తల్లిని చూసివుంటుంది" అన్నాడు. ఆ తల్లిని యాడి నుంచి తెచ్చేది అన్నాడు బావ. ఒకరోజు ఫాదర్ విసిగిపోయి, "ఎదురుగా ఉండేది కళ్ళు పెరికిన భటుడే కదా, వాణ్ణే చూసివుంటుంది, పో!" అనేశాడు. మా బావ నిలువునా నీరైపోయాడు. దేవుడిచ్చిన కొత్త కళ్ళతో ఆ పాపిష్టివాడి ముఖమా? ఆ పూట అన్నం ముట్టలేదు. ఫాదరే జాలిపడి మా అక్క చేతికి అరటిపళ్ళిచ్చి, "నేను ఊరికే అన్నాను, తినమని చెప్పమ్మా" అని వెళ్ళాడు.

పళ్ళెంలో కళ్ళ సంగతి మాత్రం ఆయన ముందే తేల్చేశాడు. రెండు రెప్పలు మూసి, పొడుగ్గా వెంట్రుకలు దిద్ది, నిద్రపోతున్నట్టు చేశాడు. పటంలో తెరిచి ఉన్నాయి కదా అని ఫాదర్ అడిగితే, "ఎంత కాలమని సామీ, పళ్ళెంలో పడుకోని ఆకాశం చూసేది? అవి చూడాల్సింది చూసేసినాయి. నిద్ర పోనీలే" అన్నాడు. ఫాదర్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

పండగ దగ్గర పడేకొద్దీ ఊళ్ళో హడావిడి మొదలైంది. లూసియమ్మ మొదటి చూపు దేని మీద పడితే దానికి తిరుగులేదని అందరికీ తెలుసు. తన ఆవూదూడనే పెట్టాలని మునివెంకటప్ప కబురు పంపాడు. కొత్త పెళ్ళికూతుర్ని పంపుతామని ఒకరు, రాగి రాశి పోస్తామని ఒకరు. మా బావ అందరికీ ఒకటే జవాబు చెప్పాడు. "నేను తెచ్చుకుంటాలేప్పా. మీరు వచ్చి చూడండి."

పండగనాటి పొద్దున చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. మంచులో కోవెల ముందర ఊరంతా దుప్పట్లు కప్పుకుని చేరింది. మునివెంకటప్ప ఆవు కొమ్ములకు పసుపు పూసి, ఎవరూ అడగకపోయినా తలుపు దగ్గరే కట్టేశాడు. పీఠం చుట్టూ తెర కట్టి ఉంది. తెర వెనక బొమ్మ, బావ, రంగు గిన్నె పట్టుకోవడానికి నేను, అంతే. ఎదురుగా పెట్టడానికి ఏమీ లేదు.

"బావా, ఏం పెడతావు ఎదురుగా? జనం కాచుకోనుండారు."

"వస్తాది ఉండు కేశవా."

వెనక తలుపు తోసుకుని చౌడమ్మ వచ్చింది. నెత్తిన కొత్తిమీర గంప, చంకలో బట్టల మూట.

"ఇదో అన్నా, నువ్వడిగిన కొత్తిమీర. బస్సుకు టైమైంది. మా చెల్లెలు రోడ్డు మీద కాచుకోనుండాది."

"గంప దించమ్మా. దించి ఈ దీపం రవ్వంతసేపు పట్టుకో. ఈడ మబ్బుగా ఉండాది, నాకు కనుపాప తెలియలేదు."

"కేశవన్న పట్టుకోకూడదా?"

"వాడి చేతిలో రంగు ఉండాది. రా, ఇట్ల నిలబడు. ఇంగొంచెం ముందుకు. దీపం మొగం దగ్గరికి ఎత్తు."

అప్పుడు నాకు అర్థమైంది. గిన్నె చేతిలోంచి జారబోయింది, పట్టుకున్నాను. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. మా బావ వీపు తిప్పుకుని అద్దం ఎత్తాడు, కుంచె భుజం మీదుగా వెనక్కి పెట్టాడు. రోడ్డు మీద బస్సు హారను వినపడింది.

"అన్నా, బస్సు!"

"కదలొద్దమ్మా, చెయ్యి తప్పతాది."

ఎడమకన్ను దిద్దాడు. హారను మళ్ళీ మోగింది. చౌడమ్మ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారింది. అంత నిదానంగా ఆయన దిద్దడం నేనెప్పుడూ చూడలేదు. కుడికన్ను కనుపాప పూర్తయ్యేసరికి బస్సు శబ్దం డెంకణికోట దోవలోంచి హోసూరు వైపు తిరిగి, సన్నగిల్లి, పోయింది. బావ కుంచె దించి, "చూసింది" అన్నాడు. నన్ను తెర లాగమన్నాడు.

తెర తీయగానే ఎదురుగా లూసియమ్మ. రెండు కళ్ళూ విప్పి, ఎంతో కాలంగా వెతుకుతున్న మనిషి కనపడినట్టు చూస్తోంది. ఆ చూపు తిన్నగా వచ్చి ఆగినచోట చౌడమ్మ, గుంటలు పడిన ముఖం దగ్గర దీపం ఎత్తి పట్టుకుని, బస్సు పోయిందన్న కోపంతో నిలబడి ఉంది.

మునివెంకటప్ప ముందుకొచ్చాడు.

"ఏం పని చేసినావు మునెప్పా! ఆవును తెచ్చి కట్టినాను గదా! ఆ తల్లికి మొదటి చూపుకు నీకు ఈ మొగమే దొరికిందా?"

చౌడమ్మకు అప్పుడు తెలిసింది. వెనక్కి పోబోతే మా బావ ఆపాడు. ఆయన మామూలుగా నలుగురి ముందర గట్టిగా మాట్లాడే మనిషి కాడు. ఆ రోజు మాట్లాడాడు.

"నాకు ఆమె దొరకలేదు ప్రెసిడెంటూ. ఆ తల్లే ఆమెను వెతుక్కునింది. మొదట ఏం చూసిందో పుస్తకంలో లేదని ఫాదర్ చెప్పినాడు. నేను శానా దినాలు తలకాయ పగలగొట్టుకున్నాను. కండ్లు పోగొట్టుకున్న పిల్లకు కండ్లు వస్తే ఎవురి కోసరం చూస్తాది? నీ ఆవు కోసరమా? తనలాగ కన్ను పోయిన ఆడబిడ్డ యాడుండాదో అని చూడదా? నాకు రెండూ ఇస్తివి గదా దేవుడా, ఈ బిడ్డ మాటేమి అని అడగదా?"

ఆయన జనం వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పండి. లూసియమ్మ మొదట చూసిన మొగం మంచిది కాదు అనేవాళ్ళు ఎవురన్నా ఉంటే, ఆ తల్లి కండ్లలోకి చూసి చెప్పండి."

ఎవరు చెబుతారు? కంటి జబ్బులిచ్చే తల్లి, తీసే తల్లి ఎదురుగా నిలబడి రెప్ప వేయకుండా చూస్తోంది. మునివెంకటప్ప ఒకసారి బొమ్మను చూశాడు, ఒకసారి చౌడమ్మను చూశాడు. పాపం, ఆయనకు ఆ ఏడే ఎడమకంట్లో పొర మొదలైంది. గొంతు సవరించుకుని, స్వరం బాగా తగ్గించి అన్నాడు.

"అమ్మా చౌడమ్మా, అట్లే ఆ దీపంతోనే వచ్చి... మా ఆవును గూడా ఒకసారి చూసి పో తల్లీ."

రాయప్ప ఫాదర్ పూజ మొదలుపెట్టాలని గుర్తొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. పూజ మధ్యలో కూడా రెండుసార్లు నవ్వాడు.

ఇంటికి పోతూ నేను అడిగాను. "బావా, మొదట చూసేది మంచిదై ఉండాలని గదా నీ శాస్త్రం? ఇదేమిటి, తిరగేసినావు?"

"నేను తిరగెయ్యలేదప్పా, మీరే తిరగేసి విన్నారు. మొదట దేన్ని చూపిస్తే అదే మంచిదవుతాది. దూడ ఏమన్నా పుట్టేటప్పుడే మంచి దూడ అని రాయించుకోని వచ్చిందా? అమ్మవారు చూసింది, మంచిదయింది. చూపించేవాని చేతిలో ఉంటాదిది." కాస్త దూరం నడిచి, "నేను దీన్ని బస్సులకూ లాంతర్లకూ ఖర్చు పెట్టుకుంటా వచ్చినాను. మనిషికి చెయ్యాలని ఇన్నాళ్ళూ తోచలేదు" అన్నాడు. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. చెబితే ఏమనుకుంటాడోనని సైకిలు గంట రెండుసార్లు మోగించి ఊరుకున్నాను.

చౌడమ్మ బెంగుళూరు పోలేదు. పోనిచ్చేవాళ్ళెవరు? మర్నాటి నుంచి తెల్లవారకముందే ఆమె గుడిసె తలుపు తట్టేవాళ్ళు. పొద్దున్నే ఆమె ముఖం చూసి, ఆమె గంపలోంచి ఒక కట్ట ఆకు కొంటేనే ఆ రోజు కలిసొస్తుందని పేరు పడింది. ఆకు వాడే సమయమే లేదు. విత్తనాలు చల్లేవాళ్ళు పిలిచారు, కొత్త బావి తవ్వినవాళ్ళు పిలిచారు, కోళ్ళ గుడ్లు పొదగేసినవాళ్ళు కూడా పిలిచారు. ఆమె ఊరంతటి మీదా విసుక్కుంటూ, మా బావను మాత్రం వీధిలో నిలబెట్టి తిట్టేది. "ముందన్నా ఎండెక్కేదాకా సుమ్మనే కూర్చోనుండేదాన్ని. ఇప్పుడు నిద్రే లేదు కదన్నా! ఇదేనా నువ్వు నాకు చేసిన మేలు?" తిట్టి, ఆయన చేతిలో ఎవరికీ ఇవ్వని లేత కొత్తిమీర పెట్టి పోయేది.

ఈ గొడవలో నష్టపోయింది మా బావ ఒక్కడే. మొదటి చూపు ఏర్పాట్లకు ఆయన్ని పిలిచే దిక్కు లేకుండా పోయింది. అందరికీ చౌడమ్మే కావాలి. డెంకణికోట దోవలోకి రెండో బస్సు వచ్చిననాడు ఆయన అద్దం తుడుచుకుని సిద్ధంగా కూర్చుంటే, డ్రైవరు వచ్చి, "చౌడమ్మ ఇల్లు యాడ?" అని ఈయన్నే దోవ అడిగాడు.

మరుసటి ఏడు మా ఇంట్లో నాకు బిడ్డ పుట్టింది. కబురు తెలియగానే బావ ఆవం పని వదిలేసి, చేతి మట్టి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చాడు. మంత్రసాని మద్దమ్మ తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెందుకప్పా ఇప్పుడు? చౌడమ్మ లోపలుండాది."

"నేను బిడ్డకు మామనమ్మా!"

"మామవైతే ఏమి? ఆ మట్టి మొగంతోనా బిడ్డ ముందరికి వచ్చేది?"

మా బావ బిక్కమొహం వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. జీవితమంతా లోకానికి మొదటి చూపు చూపించిన మనిషిని అలా చూస్తే నాకు నవ్వాగలేదు. ఇంతలో లోపలి నుంచి చౌడమ్మ గొంతు ఖంగుమని వినపడింది.

"రానీ మద్దమ్మక్కా, రానీ. బిడ్డ నన్ను చూసేసింది. ఇంగ మా అన్న మొగం చూసినా ఏం గాదు!"